పెట్టడం, తినడం

జంషెడ్‌పూర్‌లోని కద్మాలో మా వీధి చివర ఒక చిన్న హోటల్ ఉంది. షిఫ్టు దిగిన బీహారీలు, ఒడియాలు, సంతాలీలు, మన తెలుగువాళ్లు ఒకే బల్ల దగ్గర సర్దుకుని కూర్చుంటారు. తెలుగు వినబడితే చాలు, యజమాని అడక్కుండానే ఇంకాస్త పచ్చడి వేస్తాడు. ఒకరోజు సాంబారు పోస్తూ "మీ ఇంటిపేరేమిటి?" అన్నాడు. చెప్పాం. "అంటే మీరు..." అని ఆగిపోయాడు. తర్వాత కూడా ప్రేమగానే వడ్డించాడు. అయినా ముద్ద దిగలేదు.

కులం పేరుతో హోటల్లోకి రానివ్వకపోవడాన్ని రాజ్యాంగం 15వ అధికరణ నిషేధించింది. ఆ బలంతోనే కూర్చున్నాం. సహపంక్తి భోజనాలతోనే కులం పోదని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో రాశారు. ఆయన మాటకు మాకు తోచిన ఒక కారణం ఉంది. డబ్బిచ్చినవాడికి అన్నం పెట్టడం ఎవరికీ కష్టం కాదు. కష్టమల్లా ఎదుటివాడి ఇంటిది తినడంలోనే ఉంది. (మాల మాదిగల మధ్య మనమూ ఈ పరీక్ష నెగ్గామా?)

తథాగతుడు పావాలో కమ్మరి కొడుకు చుందుడు పెట్టింది తిన్నాడు. తర్వాత జబ్బు చేసింది. అయినా చుందుడు బాధపడకూడదని, ఆ భోజనం బోధికి ముందు అందిన భోజనంతో సమానమని అతనికి చెప్పమన్నాడు ఆనందుడితో. ఉక్కు కరిగించే ఈ ఊళ్లో ఆ కమ్మరి మాకు మరీ దగ్గరివాడు.

హోటల్‌కు వెళ్లడం మేము మానలేదు. వచ్చే ఆదివారం యజమానిని మా ఇంటికి భోజనానికి రమ్మన్నాం. కాసేపు ఆలోచించి, వస్తానన్నాడు.