కట్టినవాడును, పట్టా గలవాడును

మన చాల్‌లోనే పెరిగి, ఇంజనీరింగు చదివి, ఇద్దరు మిత్రులతో కలిసి చిన్న సాఫ్ట్‌వేరు కంపెనీ పెట్టిన యువకుడొకడు ఆ మధ్య నా యొద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసెను. "బాబాయిగారూ, పెట్టుబడి మా నాన్నగారిది, ఆలోచన నాది. పని మాత్రం ముగ్గురం చేస్తున్నాం. కంపెనీ అంతా నా పేరనే రాయించుకుంటే తప్పా?" వకీలు తప్పు లేదనెనట. చట్టము సంగతి అక్కడ తేలినది గనుక ధర్మము సంగతి నన్నడుగ వచ్చెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని.

ఫాక్‌లాండ్ రోడ్డు ప్రాంతమున నివసించు మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 18వ శతాబ్ది చివరి నుండి నిజాము రాజ్యము విడిచి, పొట్ట చేతబట్టుకొని వచ్చిన మన పూర్వులు కామాఠీలను పేర ఈ నగరమున రాళ్లు మోసిరి, సున్నము కలిపిరి, మేడలు లేపిరి. ఆ మేడల పట్టాలలో వారి పేరు లేదు. వారు తలదాచుకొన్న చోటికి మాత్రము కామాఠీపురమని పేరు నిలిచెను. వారిలో గుత్తేదారులై ధనము గడించి, 1873లో జ్యోతిరావు ఫూలే పుణెలో స్థాపించిన సత్యశోధక సమాజమునకు అండగా నిలిచినవారును కలరు. అయినను గుత్త పట్టినవాడొకడు, ఇటుక పేర్చినవాడొకడు. మేడ ఎవరిదని యడిగినచో ఆ ఇద్దరిదియు కాదు.

సంస్థాపకుడనగానే యజమాని తలపునకు వచ్చును. ఈ రెండును ఒకటి కావనుటకు బొంబాయి నుండియే ఒక నిదర్శనము చూపగలను. అయ్యగారి సాంబశివరావుగారు 1914లో పశ్చిమ గోదావరి ప్రాంతపు మోగల్లులో జన్మించి, కాశీలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డులోను చదివి, హోమీ భాభా నాయకత్వమున సాగిన అణుశక్తి కృషిలో చేరిరి. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయనారంభించినది. దానిని అదుపులో నుంచు ఎలక్ట్రానిక్ సాధనములు రావుగారి బృందము స్వయముగా చేసినవే. అట్లు చేసి, చెడిపోయినదానిని విప్పి చూచి, మరల చేసి నేర్చినవారే వెన్నెముకగా 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వెలసెను. దానికి తొలి సారథి రావుగారు. 1969లో అచ్చటి నుండి టీ.డీ.సీ.-12 కంప్యూటరు వెలువడెను; తరువాతి కాలమున టెలివిజన్లు, ఓటింగు యంత్రములు వచ్చినవి. ఆ సంస్థ మూలధనము గోడలలో లేదు, ట్రాంబేలో పనినేర్చిన చేతులలో నుండెను. సంస్థ ప్రభుత్వముది. నడిపినవాడు జీతగాడు. నేడు హైదరాబాదులో ఏ.ఎస్.రావు నగర్ అని ఆయన పేర ఒక పేటయే కలదు.

ప్రభుత్వ ధనముతో, నష్టభయము లేకుండ పెంచినదానిని సాహసమనవచ్చునా యని కొందరడుగుదురు. ఆక్షేపణ న్యాయమైనదే. ఇల్లు తాకట్టు పెట్టినవాని నిద్రలేమి వేరు. రక్షణలో పెరిగిన ఆ సంస్థ, తరువాత వచ్చిన ప్రైవేటు కంపెనీల ముందు కంప్యూటర్ల అంగడిలో నిలువలేకపోయిన మాటయు నిజము. సాహసించినవాడు లాభము కోరుట న్యాయమనియే నా అభిప్రాయము. కాని పట్టు అంతయు తన చేతనే యుండవలెనని కోరుట కూడ అంతటి న్యాయమేనా?

అదే హైదరాబాదులో 1987లో సత్యం కంప్యూటర్స్ పుట్టెను. 2009 జనవరి 7న దాని సంస్థాపకులు రామలింగరాజుగారు, లేని సొమ్మును ఉన్నట్లు లెక్కలలో చూపితిమని తామే లేఖ వ్రాసిరి. నగదు, బ్యాంకు నిల్వలలోనే 5,040 కోట్ల రూపాయలు ఉత్తవి. ఆ లేఖలోనే ఒక కారణము కలదు: తమవారి వాటా స్వల్పము, ఫలితములు తగ్గినచో ఇతరులు సంస్థను చేజిక్కించుకొందురు, అపుడు లోటు బయటపడును. పట్టు జారునను భయమునకు ఇంత వెల! చివరకు యజమాని తప్పుకొనెను గాని సంస్థ కూలలేదు. ప్రభుత్వము క్రొత్త పాలకవర్గమును నియమించెను, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దానిని గెలుచుకొనెను. ఆ నడిమి నెలలలో జీతము వచ్చునో రాదో తెలియకయే వేలాది ఉద్యోగులు ఉదయమున వచ్చి తమ బల్లల ముందు కూర్చుండిరి.

ఇదంతయు యువకునికి చెప్పితిని. కొంతసేపు ఊరకుండి, "అయితే మా నాన్నగారి డబ్బుకి విలువ లేదంటారా?" అనెను. "ఉంది నాయనా. ముందు అది లాభంతో తిరిగి రావాలి. నీ ఆలోచనకూ విలువ ఉంది. రేపు నువ్వు నెల్లాళ్లు మంచం పడితే కంపెనీ నడిపేది ఎవరు? వాళ్ల పేర్లు నీ కాగితంలో ఉన్నాయా?" అంటిని.

"కాగితం ఇంకా సంతకం కాలేదు లెండి" అని లేచెను.

అది దీపావళికి ముందటి మాట. ఆ తరువాత వానితో తీరికగా మాటాడుట తటస్థింపలేదు. గల్లీ మూలనున్న వారి గదిలో మాత్రము అర్ధరాత్రి దాటినను దీపము వెలుగుచునే యుండును. కిటికీలో మూడు తలలు కనబడును.