మరమ్మతా? మార్పిడియా? – ఒక గృహస్థధర్మ విచారము

వస్తువు పాతబడుట సహజము. పాతబడిన వస్తువును ఎంతవరకు నిలుపుకొనవలెను, ఎప్పుడు విడువవలెను అను ప్రశ్న మాత్రము అంత సులభముగా తీరునది కాదు. పూర్వము మన యిండ్లలో ఈ ప్రశ్నకు తావే లేకుండెను. బిందెకు చిల్లిపడినచో మాట్లు వేయించిరి. గొడుగు ఊచ విరిగినచో కట్టించిరి. పంచె చినిగినచో అతుకు వేసిరి. అతుకునకును తాళనిచో దానిని తుడుపుగుడ్డగా వాడుకొనిరి. ఇదంతయు వైరాగ్యముచేత జరిగినదని తలంపరాదు. క్రొత్తది కొనుటకు చేతిలో కాసులు లేకుండుటయే దానికి ముఖ్యకారణము. కావున ఆనాటివారి పొదుపును చూపి నేటివారిని నిందించుట న్యాయము కాదు. కొనగల శక్తి కలిగిన పిమ్మటనే ఇది ధర్మప్రశ్న అయినది.

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపూరునందు, 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. నాడు బండలును తుప్పలును ఉండిన ఆ ప్రాంతము నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు అను పేర్లతో ఆకాశమంటు మేడలతో నిండియున్నది. అచ్చటి సంసారములలో ఆలుమగలిరువురును ఉద్యోగస్థులైనవి పెక్కులు. అట్టి యింట వాషింగ్ మెషీను విలాసవస్తువు కాదు, పొయ్యివలె నిత్యావసరము. ఎనిమిదేండ్లుగా పనిచేసిన ఆ యంత్రము ఒక ఆదివారమునాడు పెద్ద రొదచేసి నిలిచిపోయినదనుకొందము. మెకానిక్కు వచ్చి చూచి, బేరింగు అరిగినది, బోర్డు కూడ అనుమానముగా నున్నది అని ఒక మొత్తము చెప్పును. దుకాణమువారు పాతది తీసికొని ఇంత తగ్గించి క్రొత్తది ఇత్తుమందురు. భర్త లెక్కలు వేయును. "ఏమండీ, మళ్లీ నెలకే చెడిపోతే?" అని భార్య సందేహించును. ఊరినుండి వచ్చియున్న అత్తగారు "అంత పెద్ద వస్తువును పారవేయటమేమిటిరా నాయనా" అని ముక్కున వేలు వేసికొనును. మువ్వురి మాటలలోను సత్యము కలదు.

ముందు చెడినది ఏమో తెలియవలెను. పెక్కు సందర్భములలో యంత్రము చచ్చిపోదు, దాని గొంతునకేదో అడ్డుపడును. మురుగునీటిని తోడు పంపులో చిల్లరనాణెమో తలపిన్నో చిక్కుకొన్నచో యంత్రము నీరు విడువక నిలిచిపోవును. దానికి కావలసినది క్రింది ఫిల్టరును విప్పి కడుగుట మాత్రమే. ఎలుక తీగను కొరికినను, నీటి గొట్టపు జల్లెడలో ఇసుక చేరినను ఇట్లే జరుగును. నగరపు పడమటి మేడలలో ట్యాంకరు నీరు, బోరునీరు వాడుట ఎక్కువ. ఆ నీరు కఠినజలము, వాడుకలో ఉప్పునీరు. దానిలోని సున్నము లోపలి హీటరుపై గట్టిపెచ్చుగా పేరుకొని దానిని మాడ్చివేయును. సబ్బుపొడి ఎక్కువ వేసినకొలది బట్టలు తెల్లబడునను భ్రమ మరియొక కారణము. కరగక మిగిలిన పొడి డ్రమ్మును వెనుకనుండి పట్టియుంచు మూడుచేతుల లోహపు ఆనికను తినివేయును. ఇవన్నియు యంత్రదోషములు కావు, వాడువారి అజాగ్రత్తలు. వీనిని దిద్దుకొననిచో క్రొత్త యంత్రమునకును అదే గతి.

అసలైన చిక్కు పెద్ద భాగములు చెడినపుడు వచ్చును. బేరింగు స్వల్పమైన వస్తువే. కాని కొన్ని నమూనాలలో దాని చుట్టునున్న తొట్టిని విప్పుటకు వీలులేకుండ అతికియుందురు. చిన్న బేరింగునకై తొట్టినంతయు మార్పవలసి వచ్చును. విప్పుటకు వీలులేకుండ చేయుట ఎల్లప్పుడును దురుద్దేశమే యనరాదు. అతికించుట చౌక, నీరు కారదు. ఐనను వ్యాపారచరిత్ర అంత నిర్మలమైనది కాదు. 1924లో పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు జెనీవాలో కూడి, బల్బు 1,000 గంటలకు మించి వెలుగకుండ చేయుటకు కట్టడి చేసికొని, మించినవారికి జరిమానా విధించుకొన్న మాట చరిత్రలో కలదు. అందుచేతనే యూరపు సమాఖ్యలో 2021 మార్చి నుండి వాషింగ్ మెషీనుల ముఖ్యమైన విడిభాగములను, ఆ నమూనా అమ్మకము ముగిసిన పిమ్మట కనీసము 10 ఏండ్లు లభింపజేయవలెనని నియమించిరి. భారత ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, అదే సంవత్సరము డిసెంబరు 24న దానికొక పోర్టలును తెరచినది. కొనునపుడు రంగును, మీటలను చూచువారు విడిభాగములెన్నేండ్లు దొరకునో కూడ అడుగుట మేలు.

ఖర్చు క్రొత్తదాని వెలలో సగమునకు మించినచో మరమ్మతు వలదని లోకములో ఒక లెక్క కలదు. ఆ లెక్క తప్పు కాదు గాని అసంపూర్ణము. క్రొత్తది విద్యుత్తును మిగుల్చునను వాదము కూడ అట్టిదే. ఈ యంత్రములో విద్యుత్తును అధికముగా మ్రింగునది నీటిని కాచు హీటరు. అది సుమారు 2,000 వాట్లది. చన్నీటితోనే ఉదుకు ఇండ్లలో క్రొత్త యంత్రమువలన మిగులు విద్యుత్తు బహుస్వల్పము. నీటి మాట వేరు. పైమూత యంత్రముకంటె ముందుతలుపు యంత్రము చాల తక్కువ నీటితో పని ముగించును. 2024 వేసవిలో ట్యాంకరుకై ఎదురుచూచిన ఇండ్లకు ఈ భేదము వేరుగ చెప్పనక్కరలేదు.

లెక్కలలో చేరని అంశమొకటి కలదు. యంత్రము నిలిచిపోయిన రెండుమూడు వారములు బట్టలుదుకునది ఎవరు? ఇంటి యజమాని మరమ్మతు చేయింతునా, కొందునా అని తర్కించుచుండగా, గిన్నెలు తోమ వచ్చిన పనిమనిషి స్నానాలగదిలో కూర్చుండి దుప్పట్లు బండకు కొట్టుచుండును. ఆమె జీతమునకు ఒక్క రూకయు చేరదు. యజమాని విచికిత్సకు వెలను చెల్లించుచున్నది ఆమె నడుము. పర్యావరణమునకై పాతదానిని నిలుపుకొంటిమని గర్వించుటకు ముందు ఈ సంగతి విచారింపవలెను. పన్నెండవ శతాబ్దమున కల్యాణములో శరణుల బట్టలుదుకుట కాయకముగా స్వీకరించిన మడివాలు మాచయ్య వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పియున్నాడు. ఉదుకుటను పూజతో సమానముగా ఎంచిన సంప్రదాయమునకు చెందినవారు, ఉదుకు చేతులను ఊరకే వాడుకొనుట చెల్లదు. ఆమెకు ఆ దినముల కూలి ఇచ్చినచో మరమ్మతు ఖర్చు కొంత పెరుగును. పెరిగిన ఆ మొత్తమే నిజమైన ఖర్చు.

మెకానిక్కు విషయమును ఇట్టిదే. వేల రూపాయల బోర్డునకు మారుమాటాడక సొమ్మిచ్చువారు, అతడు వచ్చి చూచినందుకు అడిగిన కొన్ని వందలకు బేరమాడుదురు. వస్తువునకు వెల కలదు, చేతిలోని విద్యకు లేదని దీని భావము. ఎండలో మోటారుసైకిలుపై పరికరముల సంచితో వచ్చి, రొద విని దోషము చెప్పగలుగుట ఏండ్ల తరబడి సంపాదించిన నేర్పు. అట్టివాని కూలి కోసినచో రేపటికి ఆ వృత్తిలో నిలుచువారుండరు. అప్పుడు మరమ్మతు చేయింపవలెనను కోరిక ఉన్నను చేయువాడుండడు. అనవసరముగా బోర్డు మార్చిన మెకానిక్కులును లేకపోలేదు. తీసిన పాతభాగమును చూపుమని అడుగుటలో తప్పులేదు.

ఇక కోరిక సంగతి. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము ఏరి తేగా, భార్య లక్కమ్మ ఆ యెక్కువను తిరిగి పోసి రమ్మని పంపినట్లు శరణపరంపర చెప్పుచున్నది. మువ్వురున్న ఇంటికి ఆరున్నర కిలోల యంత్రము చాలుచుండగా, తగ్గింపు వచ్చినదని తొమ్మిది కిలోలది తెచ్చుకొనువారికి లక్కమ్మ మాట తగును. కొందరి యిండ్లలో యంత్రము చెడకయే చెడినదగును. పొరుగు ఫ్లాటువారు క్రొత్తది తెచ్చినారు గనుక.

పారవేసినది ఎచ్చటికి పోవును? ముందుతలుపు యంత్రము అరువది కిలోలకు పైబడిన బరువు. అదరకుండుటకై దానిలోపల సిమెంటు దిమ్మెలు కూడ అమర్చియుందురు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారము, 2022లో ప్రపంచమంతట 6 కోట్ల 20 లక్షల టన్నుల విద్యుత్, ఎలక్ట్రానిక్ చెత్త పోగుపడినది. అందులో క్రమపద్ధతిలో సేకరించి తిరిగి వినియోగించినట్లు లెక్కకెక్కినది నూటికి 22 వంతులే. మన దేశములో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న నియమములు ఆ బాధ్యతను తయారీదారులపై మోపినవి. ఐనను వీధిలో బండిపై వచ్చు పాతసామాను వర్తకునకు పదో పరకో తీసికొని ఇచ్చివేయుటయే ఎక్కువగా జరుగుచున్నది. ఆ బండిని నడుపువాడు దొంగ కాడు. అది అతని జీవనము. కాని రాగికై తీగలను బయట కాల్చు చోట ఆ పొగను పీల్చునది కూలివాడు, వాని పిల్లలు. కావున రిజిస్టరైన రీసైక్లింగు సంస్థకో, కంపెనీ సేకరణ కేంద్రమునకో ఒప్పగించుట యజమాని పనిలో భాగమే.

ఇన్ని చెప్పినను కొన్నియెడల మార్చుటయే ధర్మము. యంత్రపు ఒంటిని తాకిన షాకు కొట్టుచు, ఎర్తింగు సరిచేసినను ఆ దోషము తీరనిచో ఒక్కదినమైనను ఉంచరాదు. తడిచేతులతో దానిని తాకునది ఇల్లాలో, పనిమనిషియో. ఆ నమూనా భాగములు ఎక్కడను దొరకనిచో, ఒకటి బాగుచేసిన నెలకే మరియొకటి పోవుచున్నచో, పాతదానిపై పంతము వీడుటయే మేలు. ఇంతకుముందు దానికై పెట్టిన సొమ్ము పోయినదే. దానిని తలచి మరికొంత పోయుట వివేకము కాదు.

క్రొత్తది వచ్చిన పిమ్మట పాతదానిని వాచ్‌మన్ కుటుంబమునకు ఇచ్చి దానము చేసితిమనుకొనువారు కలరు. పనిచేయని వస్తువు నిచ్చుట చెత్తను వారి గుమ్మమునకు చేర్చుటయే. బేరింగు మార్పించి, పగిలిన గొట్టము తీయించి, నడిపి చూచి ఇయ్యవలెను. దానికి ముందు వారినొకమాట అడుగవలెను. సెల్లారు మూల గదిలో ఈ యంత్రమునకు చాలిన కుళాయి ధార ఉండునా, బరువును మోయు ప్లగ్గు ఉండునా, దానిని నిలుపుటకు తావైన ఉండునా అని.