తాతగారి జ్ఞాపకం, మేనత్తల వాటా

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలక ముందు నేరేడుచర్ల పరిసరాల్లో మెట్ట చేలు దున్నిన తరం ఒక్కొక్కరుగా అల్లాహ్ సన్నిధికి చేరుకుంటోంది. అలాంటి ఇంటిపెద్ద కన్నుమూస్తే ఆయన నమాజును, మాటతీరును తలచుకుని కన్నీరు పెడతాం. మంచిదే. దీర్ఘాయుష్షు పొంది సత్కార్యాలు చేసినవాడే ఉత్తముడని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) మక్కా దారిలో ఎదురైన ఒక పల్లెవాసికి తన గాడిదను, తలపాగాను ఇచ్చేశారు. ఇలాంటివారు కొద్దిపాటితోనే తృప్తిపడతారు కదా అన్నారు వెంట ఉన్నవారు. ఇతని తండ్రి మా నాన్నగారి స్నేహితుడన్నది ఆయన జవాబు. తండ్రి స్నేహితుని కొడుక్కే ఇంత ఆదరణ ఉంటే, తండ్రి కన్న కూతుళ్ళ మాటేమిటి?

అప్పులు, వసీయత్ తీరాక కొడుకుకు రెండు భాగాలైతే కూతురికి ఒక భాగమని సూరె నిసా నిర్ణయించింది. అది అన్నదమ్ముల దయ కాదు. పెళ్ళికి ఖర్చుపెట్టాం కదా అంటూ కాలువ కింద పొలం తామే పంచుకుని, నలభయ్యో రోజున ఊరందరికీ బిర్యానీ పెడితే అది ఏ జ్ఞాపకం? చెల్లెలే వద్దంది అంటారా? పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో అన్న మాట కావచ్చునంటాం మేము. పట్టా మార్చకముందే ఆమెను పిలిపించండి. ఆమె భాగం ఎక్కడిదో గట్టు మీద నిలబెట్టి చూపించండి. ఆ తర్వాత అడగండి.