విలుకాడైన బాలుడు

వాక్యభాగము: ఆదికాండము 21:14–21, లేవీయకాండము 17:13, ద్వితీయోపదేశకాండము 22:6, 7



బైబిలులో విల్లు పట్టినవారు పలువురున్నారు. ఏశావు అడవి తిరిగినవాడు. యోనాతాను తన స్నేహితునికి గురుతుగా బాణములు వేసినవాడు. అయితే ఎరుగని చోటికి పోయి, తండ్రి తోడు లేకుండ పెరిగి, విలువిద్య నేర్చుకొన్నవాడు ఇష్మాయేలు.

ఆ బాలుడు తల్లితోకూడ బెయేర్షెబా అరణ్యములో త్రోవ తెలియక తిరిగెను. తిత్తిలోని నీళ్లు అయిపోయెను. హాగరు బిడ్డను పొద క్రింద విడిచి, వాని చావు చూడలేక వింటివేత దూరము పోయి కూర్చుండి యేడ్చెను. విల్లు ఇంకను ఆ పిల్లవాని చేతికి రాకమునుపే దాని దూరము ఆ తల్లి దుఃఖమునకు కొలత అయినది. అప్పుడు దేవుడు బాలుని మొర విని, తల్లి కన్నులు తెరచెను. ఆమె నీళ్ల బావిని చూచెను. ఆ తరువాతనే అతడు పెరిగి విలుకాడాయెను. బావి ముందు, విల్లు తరువాత. ఈ వరుస మనము మరువరాదు.

ఈ సంగతి ఇప్పుడు చెప్పుటకు కారణమున్నది. మంత్రాలయము, ఆదోని, ఆలూరు ప్రాంతపు చేలలో కృష్ణజింకల మందలు పడి మొలకలు మేయుచున్నవి. అప్పు తెచ్చి విత్తిన రైతుకు కడుపు మండును. సుగ్గికి పోయి వచ్చిన యువకులు, "అయ్యగారూ, జంతువులను దేవుడు మనుష్యుని చేతికి అప్పగించెను గదా, వలయో తీగయో పెట్టిన తప్పేమి?" అని అడుగుచున్నారు. అమెరికాలో కాపురమున్న మన తెలుగు బిడ్డలకు మరియొక ప్రశ్న కలదు: అక్కడివారివలె జింకను, అడవి టర్కీకోడిని విల్లుతో వేటాడుట నేర్చుకొనవచ్చునా? ఈ రెండు ప్రశ్నలకును మన వాక్యభాగములో జవాబున్నది.

మొదటిది, చోటును ఎరుగుట. నల్లమల చెంచులను తలంచుడి. వెదురు విల్లు, ఇనుపమొన బాణము, తోడు కుక్క, ఇవియే వారి పూర్వుల వేట సామగ్రి. హైమెండార్ఫ్ అను పండితుడు వారి మధ్య నివసించి 1943లో వారినిగూర్చి పుస్తకము ప్రకటించెను. క్రొత్త అడవిలో విల్లు పట్టువాడు ఎవడైనను గురి చూచుటకు ముందు చాల దినములు ఊరక చూడవలెను. జింక ఏ కుంటలో నీళ్లు త్రాగును? ఏ వంక దాటును? ప్రొద్దున ఎక్కడ మేయును? గాలి ఎటు వీచును? మనిషి వాసన గాలివెంట పోయినచో జింక నిలువదు. అడుగుజాడలును పెంటికలును వానికి అక్షరములు. ఓపికలేనివానికి విల్లు పనికిరాదు.

రెండవది, దగ్గరకు వచ్చుట. తుపాకి దూరమునుండి చంపును. విలుకాడు ఇరువది ముప్పది గజముల మేరకు రావలెను. అంత దగ్గరనుండి అది మగదో ఆడదో, వెంట పిల్ల ఉన్నదో వానికి కనబడును. బాణము తగిలిన మృగము రక్తము కారి చచ్చును గనుక, దాని జాడ పట్టి వెదకక విడుచుట క్రూరత్వము. వేటాడిన మృగము రక్తమునైనను పక్షి రక్తమునైనను నేలమీద ఒలికించి మంటితో కప్పవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. ప్రాణము దేవునిదని వేటగాడు తన చేతులతో ఒప్పుకొనవలెను.

కరెంటు తీగకు కన్నులు లేవు. అది అడవిపందియా, పొరుగువాని యెద్దా, రాత్రివేళ నీళ్లు కట్టబోయిన మనిషియా అని చూడదు. చేని చుట్టు పెట్టిన తీగ తగిలి మనుష్యులు చనిపోయిన వార్తలు మన రాష్ట్రములో పలుమారులు వినుచున్నాము. తమ్ముడా, నీవు పెట్టిన తీగ ఏ తల్లిని హాగరువలె ఏడ్పించునో నీకు తెలియదు.

మూడవది, విడిచిపెట్టుట. గూటిలో పిల్లలమీద కూర్చున్న తల్లిపక్షిని పట్టరాదని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. మన సీమలో బట్టమేకపిట్ట ఉండెడిది. అది టర్కీకోడివలె నేలమీద నడచు పెద్ద పక్షి. మగది 15 కిలోల వరకు తూగును. ఆడది సాధారణముగా ఒక్క గ్రుడ్డే నేలమీద పెట్టును. దాని కొరకు 1988లో రోళ్లపాడు వద్ద అభయారణ్యము ఏర్పరచిరి. అయినను వేటవలనను, గడ్డిబీళ్లు తరుగుటవలనను అది మన ప్రాంతమునుండి దాదాపు కనుమరుగైనది. దేశమంతట అడవిలో మిగిలినవి 200 కంటె తక్కువ.

అమెరికాలో అడవి టర్కీకోడికి ఇట్టి గతియే పట్టబోయెను. అక్కడివారు వేటకు కాలము, లెక్క, లైసెన్సు నియమించిరి. 1937 నాటి చట్టముచే తుపాకులమీదను తూటాలమీదను వచ్చు పన్నును వన్యప్రాణుల పోషణకు వెచ్చించిరి. నేడు ఆ పక్షులు లక్షల సంఖ్యలో ఉన్నవి. గనుక అక్కడి బిడ్డ శిక్షణ పొంది, లైసెన్సు తీసికొని, భూస్వామి సెలవుతో, నియమించిన లెక్క మీరక, తినుటకే వేటాడినయెడల అది పాపమని నేను చెప్పను.

మన దేశములో అట్లు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. కృష్ణజింకను గాని నెమలిని గాని చంపినవానికి 3 ఏండ్లకు తక్కువ కాకుండ, 7 ఏండ్ల వరకు చెరసాల. అధికారులకు లోబడుమని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. ఇక్కడ విల్లు గోడకు వ్రేలాడవలసినదే. ఒక్క పూట కూరకొరకు ఏశావు జ్యేష్ఠత్వము అమ్ముకొనెను. ఒక్క రాత్రి మాంసముకొరకు ఇల్లాలిని, బిడ్డలను దిక్కులేనివారినిగా చేయకుడి.

అయితే ఆకలిగొన్నవానికి ఉపదేశము మాత్రమే చాలదు. పంట నష్టమైన రైతులు పదిమంది కూడి అటవీశాఖవారికి దరఖాస్తు ఇయ్యవలెను. చదువు వచ్చిన సంఘపెద్దలు వ్రాసి పెట్టవలెను. రాత్రి కావలికి వంతులు వేసికొనుడి. చేను పోయిన యింటికి ఈ నెల పిడికెడు బియ్యపు కానుకలోనుండి గింజలు పంపుడి. హాగరుకు దేవుడు బావి చూపెను. నేడు సంఘమే ఆ బావి కావలెను.

మన ప్రభువైన యేసు అరణ్యములో నలువది దినములు అడవి మృగములతోకూడ ఉండెనని మార్కు వ్రాసెను. ఆయన ఆకలిగొనెను, అయినను ఆకలి మాట వినక తండ్రి మాట వినెను. బాలుని మొర వినిన దేవుడు మన పొలములలోని మొరను కూడ వినును గాక. ఆమేన్.

ప్రార్థన: తండ్రీ, ఎండిన నేలలో మా కన్నులు తెరువుము. కోపములో మా చేతులను ఆపుము. మా పొరుగువాని ఆకలిని మాకు చూపుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.