'మా నాయన' అని ఎట్ల రాయాలి?

గద్వాలలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు క్లింగాన్ నేర్చుకుంటున్నాడు. 'స్టార్ ట్రెక్' సినిమాల కోసం మార్క్ ఓక్రాండ్ కట్టిన భాష అది, డిక్షనరీ 1985లో వచ్చింది. మనకు 'బాహుబలి' కిలికి ఎట్లనో, వాళ్లకు అట్ల. నాకు నాలుగు ముక్కలొచ్చని తెలిసి, తన పరిచయం రాసి దిద్దమని పంపాడు.

మొదటి వాక్యం బాగానే ఉంది. "గోజ్‌వి జిహ్", అంటే 'విద్యార్థి నేను'. ఇంగ్లిష్ 'యామ్' లాంటి క్రియ అక్కడ అక్కర్లేదు, తెలుగులోనూ అంతే. "మన లెక్కనే ఉంది కదన్నా" అని సంబరపడ్డాడు.

రెండోది "సుత్ చెన్‌మోహ్ వవ్‌విజ్". కర్త చివర్న వస్తాడు: బట్టలు చేస్తాడు మా నాయన. కానీ క్లింగాన్‌లో 'నా' రెండు రకాలు. మాట్లాడగలిగే వాళ్లకు 'వి', మిగతా వాటికి 'విజ్'. తండ్రికి 'విజ్' తగిలిస్తే వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ అవమానం. మనిషిని వస్తువుల్లో కలిపేసినట్టు.

అదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాలేజీల ఇంగ్లిష్‌ల పరిచయం చేసుకున్నప్పుడు మా నాయనది బిజినెస్ అని చెప్పిన అన్నా" అన్నాడు. వాళ్ల నాయన మగ్గం నేస్తాడు. ఒళ్లు నూలు, అంచు పట్టు, రెండింటినీ పోగుపోగుకీ కలిపే గద్వాల చీర.

ఆ ఇంగ్లిష్ వాక్యంలో దిద్దడానికి ఒక్క తప్పూ లేదు.

మర్యాద ప్రత్యయంలో ఉండదని మనకు తెలుసు. తెలుగులో అమ్మా 'వచ్చింది', బస్సూ 'వచ్చింది'. అమ్మకేం తక్కువ కాలేదు. మరి నేను దిద్దాల్సింది ఏ వాక్యాన్ని? భాష నేర్పేవాడికి రెండోదాన్ని ముట్టుకునే హక్కుందా?

క్లింగాన్‌లో నిజం చెప్పడం సులువు. ఆ భాష ఎవరి సొంతమూ కాదు, యాసకు నవ్వేవాళ్లు లేరు, పాలమూరు అనగానే వలస కూలీలని లెక్కగట్టేవాళ్లు లేరు. ఖర్చు లేని చోట చెప్పిన నిజం నిజమేనా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే అనుకుంటాను. కనీసం నోటికి అలవాటవుతుంది. ఖర్చయ్యే చోట చెప్పమని వాణ్ని తొయ్యడం మాత్రం నా పని కాదు. ఏ ఊరని ఎవరడిగినా పదేళ్లుగా నేను "హైదరాబాద్" అంటున్నాను.

మగ్గానికి మాటేంటన్నా అని అడిగాడు. నాకు తెలియదు, 'మగ్గం' అనే రాయమన్నాను.

వాడిది దిద్దడం అయిపోయింది. నాది ఒక వాక్యం మిగిలుంది: మాది వనపర్తి.