సన్నసెగ మీద ధర్మసందేహం

ఆదివారం పొద్దున్న శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గలో ఏ మాంసం కొట్టు ముందు నిలబడినా ధరకంటే ముందు వినిపించే మాట "లేతదేనా?" బెండకాయకూ, కొబ్బరిబొండానికీ, తాటిముంజెకూ వాడే మాటనే తెలుగువాళ్ళు మేకకూ వాడతారు. "లేతదే బాబూ" అంటాడు కొట్టతను. అడిగినవాళ్ళకు తృప్తి. బెండకాయ దగ్గర ఏ చిక్కూ తేని ఆ మాట మేక దగ్గరికి వచ్చేసరికి బరువెక్కుతుంది. అక్కడ లేత అంటే చిన్న వయసు. ఇంకా బతకాల్సిన వయసు.

ఈ ప్రశ్నకు మరింత పదును పెట్టే వంటకం ఇటలీలోని మిలాన్ నగరంలో ఉంది. దాని పేరు ఓసోబూకో. ఇటాలియన్‌లో ఓసో అంటే ఎముక, బూకో అంటే రంధ్రం. కోస్తావాళ్ళకు బొక్క అంటే రంధ్రం, తెలంగాణవాళ్ళకు బొక్క అంటే ఎముక. కాబట్టి తెలుగులో ఒక్క మాటే ఆ రెండు పనులూ చేసేస్తుంది. దూడ కాలి పిక్కను ఎముకతో సహా మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన అడ్డంగా కోస్తారు. ముక్క చుట్టూ ఉండే పొరకు అక్కడక్కడ గాటు పెట్టకపోతే వేడికి అది ముడుచుకుని ముక్క వంకరపోతుంది. పిండి అద్ది వెన్నలో ఎర్రగా వేయించి, ఉల్లిపాయా క్యారెట్టూ సెలరీ వేసి, తెల్లటి వైనూ ఎముకల రసమూ పోసి, మూతపెట్టి సన్నసెగ మీద రెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు మగ్గనిస్తారు. దించేముందు నిమ్మతొక్క తురుమూ వెల్లుల్లీ పార్స్‌లీ ఆకూ సన్నగా తరిగి చల్లుతారు. పక్కన కుంకుమపువ్వు వేసి వండిన అన్నం. ఎముక మధ్యలోని మూలుగను సన్నటి చెంచాతో తీసుకుని తింటారు. అసలు రుచంతా అక్కడే ఉందంటారు తెలిసినవాళ్ళు. ఇటలీ ఇంటివంటలకు పెద్దదిక్కైన పెల్లెగ్రీనో ఆర్తూసి 1891లో అచ్చువేసిన పుస్తకంలో కూడా ఈ వంటకం ఉంది.

ఇది పలాసలో కుదిరే పనేనా? దూడతో కుదరదు. ఆవునూ దాని దూడనూ వధించడాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఇక్కడి చాలా ఇళ్ళలో ఆ పేరెత్తితేనే పొయ్యి వెలగదు. కానీ మేక పిక్క ఉంది, గొర్రె పిక్క ఉంది. కొట్టతనికి చెబితే మూలుగ కనబడేలా అడ్డంగా కొట్టి ఇస్తాడు. వైను చేసే పుల్లటి పనిని టమాటా చేస్తుంది. పార్స్‌లీకి బదులు కొత్తిమీర. చిక్కదనానికి పలాస జీడిపప్పు నూరిన ముద్ద ఉండనే ఉంది, పిండి అవసరం కూడా లేదు. కాళ్ళ పులుసు కాచడం తెలిసిన చేతికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే.

నేర్చుకోవాల్సిన ఒక్క సంగతీ సెగ గురించే. పిక్క అనేది జంతువు బరువు మోస్తూ రోజంతా పనిచేసే కండ. అందుకే దాని నిండా గట్టి బంధాలు, కొల్లాజెన్ అనే పీచు. 70 డిగ్రీలు దాటిన తేమ వేడిలో గంటల తరబడి ఉంటే ఆ పీచే కరిగి జిగురై, రసానికి చిక్కదనాన్నీ మాంసానికి మెత్తదనాన్నీ ఇస్తుంది. తొందరపడి పెద్దమంట పెడితే ఆ పీచు కరిగేలోపే కండ బిగుసుకుపోతుంది. జంతువు ముదిరేకొద్దీ ఈ పీచు గట్టిపడుతుంది, సెగ మీద ఉంచాల్సిన సమయమూ పెరుగుతుంది. అంటే మూతపెట్టి మగ్గించే ఈ విద్య ఉన్నదే ముదురు కండను లొంగదీయడానికి. లేత దూడకు అంత ఓపిక అక్కర్లేదు. ముసలి గొర్రెకే అది కావాలి. "లేతదేనా?" అనే ప్రశ్నకు వంటింట్లోనే ఒక జవాబుంది: మరో గంట సెగ. ఆ గంట పెట్టడానికి ఓపిక లేనప్పుడే కొట్టు దగ్గర వయసు బేరం మొదలవుతుంది.

ఇటలీలో దూడే ఎందుకు దొరుకుతుందో చూస్తే సంగతి ఇంకొంచెం లోతుకు పోతుంది. అది పాల పరిశ్రమ వదిలేసిన బిడ్డ. ఆవు పాలివ్వాలంటే ఈనాలి. ఈనితే సగం కోడెదూడలే పుడతాయి. అవి పాలివ్వవు కాబట్టి మాంసానికి పోతాయి. మాంసం తెల్లగా ఉండాలని ఇనుము తక్కువ మేత పెట్టి, ఒళ్ళు తిప్పుకోను వీల్లేని ఇరుకు పెట్టెల్లో వాటిని పెంచిన రోజులున్నాయి. ఆ పెట్టెల్ని యూరోపియన్ యూనియన్ 2007 నుంచి నిషేధించింది.

ఇది చదివి పాలూ పెరుగుతో సరిపెట్టుకునే ఇల్లు ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి, తల్లి ముందు నిలబెట్టి, ఆ వాసనకు అది చేపితే పాలు పితుక్కోవడం భారతదేశపు పల్లెలకు తెలిసిన పద్ధతే. నాగలికి ఎడ్లు అవసరమైన కాలంలో కోడెదూడకు విలువుండేది. ట్రాక్టర్ వచ్చాక అది తిండి దండగ అయింది. ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యాన్ని ఇప్పుడు ప్రభుత్వమే పథకాల ద్వారా ఇస్తోందంటే ఆ లెక్క ఎంత సూటిగా ఉందో తెలుస్తుంది. మిలాన్ పళ్ళెంలోని ఎముకకూ టెక్కలి టీకొట్టులోని గ్లాసుకూ మధ్య దూరం ఉంది. తెగిపోయేంత దూరం మాత్రం కాదు.

కార్తీకమాసం వస్తే ఈ ప్రాంతంలో చాలామంది నీచు ముట్టరు. సోమవారాలు టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునుడి దగ్గరికి జనం బారులు తీరతారు. అక్కడి పెద్దలింగానికి పైకప్పు లేదు, దేవుడు ఎండలోనే ఉంటాడు. ఆ నెల శివుడి కోసం మాంసం మానేస్తారు. అదే శివుడు శ్రీకాళహస్తిలో తిన్నడి చేతి మాంసం తిన్నాడు. ఆ కథలో కదిలించే సంగతి, తిన్నడు ముక్కముక్కనూ నోట పెట్టుకుని, బాగున్నవే ఏరి దేవుడికి పెట్టడం. కాశీబుగ్గ కొట్టు దగ్గర తనకోసం అడిగే "లేతదేనా?"ను తిన్నడు దేవుడికోసం అడిగాడు. మడిగా పూజించే అర్చకుడికి అది అపచారంగా తోచింది, శివుడికి తోచలేదు. ఒకే దేవుడి పేరుమీద మానడమూ పెట్టడమూ రెండూ భక్తే అయినప్పుడు, పుణ్యపాపాల లెక్క పళ్ళెంలో ఉన్న పదార్థాన్ని బట్టి మాత్రమే తేలదు.

గ్రామదేవతల సంబరాల్లో మరో లెక్క ఉంది. మొక్కిన మేకపోతు మీద పసుపునీళ్ళు చల్లి, అది ఒళ్ళు విదిలించేదాకా ఆగుతారు. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో అచ్చువేసిన గ్రామదేవతల పుస్తకంలో తెలుగు పల్లెల దున్నపోతు బలిని వర్ణించాడు: తల నరికాక ముంగాలిని కోసి దాని నోట్లోనే అడ్డంగా పెట్టి, ముఖానికి కొవ్వు పూసి, తలమీద దీపం వెలిగించేవారు. గుళ్ళ దగ్గర బలుల్ని నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రం 1950లో చట్టం తెచ్చింది. బలిని వెనకేసుకు రానక్కర్లేదు. చూసినవాళ్ళెవరికీ ఆ తలా ఆ దీపమూ మరుపురావు. కానీ అక్కడ చంపడం నలుగురి కళ్ళ ముందు జరిగేది. తినేవాడు చావును చూసేవాడు, జంతువు ఒళ్ళు విదిలించేదాకా కాచుకునేవాడు. ఇవాళ్టి ప్లాస్టిక్ సంచీలోని అరకిలోకు ఆ కాచుకోవడం లేదు.

వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వాళ్ళ ధర్మంలో మాంసం గురించి బుద్ధుడు చెప్పినట్టుగా ఒక నియమం ఉంది: తన కోసం చంపినట్టు చూడకుండా, వినకుండా, అనుమానించకుండా ఉంటే భిక్షలో పడిన మాంసం స్వీకరించవచ్చు. అడుక్కుని తినేవాడికి అది కఠినమైన నియమమే. కొనుక్కుని తినేవాడికి మాత్రం అది చాలా సులువు. చూడడు, వినడు, అనుమానం రాదు. భిక్షువును బాధ్యుణ్ణి చేయడానికి పుట్టిన నియమం కొనేవాడి చేతిలో కళ్ళకు గంతలవుతుంది.

ఈ చిక్కును భారతీయ గ్రంథాల్లో అందరికంటే నిజాయితీగా తీసుకున్నవాడు ఒక మాంసం కొట్టతను. తెలుగులో ఎర్రన పూరించిన అరణ్యపర్వ భాగంలో ధర్మవ్యాధుడి కథ వస్తుంది. కోపంతో కొంగను చూపుతో కాల్చిన కౌశికుడు, ఒక ఇల్లాలు పంపగా ధర్మం తెలుసుకోవడానికి మిథిలకు పోయి, మాంసం అమ్ముతున్న ఆ మనిషి ముందు నిలబడతాడు. వ్యాధుడు స్వయంగా చంపడు, తాను తినడు, అమ్ముతాడు. నాగలి చాలులో ఎన్ని ప్రాణులు చస్తున్నాయో చూడమంటాడు. గింజలోనూ ప్రాణముందంటాడు. హింస బొత్తిగా లేని బతుకు లోకంలో ఎవరికీ లేదంటాడు.

ఈ మాటను మాంసం తినేవాళ్ళు వాదనల్లో తరచూ వాడుకుంటారు, తప్పుగా. అందరూ చంపుతున్నారు కాబట్టి ఫరవాలేదని వ్యాధుడు అనలేదు. తన వృత్తి ఘోరమైనదని ముందే ఒప్పుకున్నాడు. అతను చేసింది ఒప్పుకోలు, దాన్ని అనుమతిపత్రంగా చదవడం అన్యాయం. తప్పని హింస కొంత ఉందని తేలాక, తప్పించగలిగిన హింస గురించి ఇంకా జాగ్రత్త పడాలి కదా.

అతని నాగలి మాటకు పలాసలో జీడిపిక్క సాక్ష్యం. పచ్చి పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. పిక్కలు కొట్టే, పప్పు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు నల్లబడతాయి, పొక్కుతాయి. ప్రసాదంలో పడే తెల్లటి జీడిపప్పు వెనక ఆ వేళ్ళున్నాయి. శాకాహారం ఆ వేళ్ళను కడగదు. ఇంట్లో తెలియకుండా ప్రాణులు చచ్చే చోట్లు అయిదని మనుస్మృతి లెక్కపెట్టింది: పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ. మాంసం కత్తి ఆ జాబితాలోనే లేదు. మామూలు వంటిల్లే చాలు. దానికి ప్రాయశ్చిత్తంగా విధించిన అయిదు యజ్ఞాల్లో అతిథికి పెట్టడం ఒకటి, ఇతర ప్రాణులకు పెట్టడం ఒకటి.

శాంతిపర్వంలో ఇంకో మాంసం కథ ఉంది. పన్నెండేళ్ళ కరువులో ఆకలికి తాళలేక విశ్వామిత్రుడు ఒక చండాలుడి గుడిసెలో కుక్క తొడ దొంగిలించబోతాడు. ఇంటివాడు మేలుకుని, తినొద్దని ఋషికి ధర్మం చెబుతాడు. ఋషి వినడు. బతికుంటేనే ధర్మం చేయగలనంటాడు. అయినా వండాక ముందు దేవతలకు పెట్టబోతాడు, అప్పుడే వాన కురుస్తుంది. ఆకలి ప్రాణం మీదికి వచ్చినప్పుడు నియమం వంగుతుంది. రుచి కోసం కూడా వంగుతుందని మాత్రం ఆ కథ చెప్పదు.

అవసరానికీ కోరికకూ మధ్య ఆ గీత పలాస చుట్టుపక్కలి ఉద్దానంలో ఒంటి మీదే గీసి ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్ళను తాకింది. దానికి అసలు కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. జబ్బు ముదిరినవాళ్ళకు పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్ళు వద్దంటారు, కొబ్బరితోటల నీడలో పుట్టి పెరిగినవాళ్ళకు. డయాలసిస్ దాకా రానివాళ్ళకు మాంసకృత్తులు తగ్గించమంటారు. డయాలసిస్ మొదలైనవాళ్ళకు అవే మాంసకృత్తులు పెంచమంటారు, ఎందుకంటే ఆ యంత్రం వాటినీ లాగేస్తుంది. ఒకే ఇంట్లో అన్నకు వద్దన్న ముక్క తమ్ముడికి మందవుతుంది. మాంసం పాపమా కాదా అనే వాదానికి ఆ ఇంటి గడప దగ్గర మాట పడిపోతుంది.

ముదురు మేకను ఎంచుకుని మూడు గంటలు కాస్తే హింస మాయం కాదు. మాంసం మానినవాళ్ళు వేసే ప్రశ్న అలాగే నిలబడి ఉంటుంది, ఉండాలి కూడా. రెండు మూడు ఈతలు ఈని, తోటల్లో పనసాకు మేసి తిరిగిన మేకకూ, పాలు మరవని పిల్లకూ మధ్య తేడా మాత్రం చిన్నది కాదు. ఆ తేడాను సన్నసెగ పూడుస్తుందని తెలిశాక కూడా కొట్టు ముందు అదే మాట అడగడం కష్టమవుతుంది.

అలాంటి ఒక ఇంట్లో మధ్యాహ్నం పన్నెండున్నరకు దాక మూత తీస్తారు. పిక్క ఎముకనుంచి విడివడింది, రసం వేలికి అంటుకుంటోంది. నిమ్మతొక్క, వెల్లుల్లి, కొత్తిమీర చల్లగానే వీధిదాకా వాసన. డాక్టరు కొలిచి చెప్పిన రెండు ముక్కలు తమ్ముడి కంచంలో ముందు పడతాయి. అన్నకు రసం లేకుండా ఉప్పు తక్కువ సొరకాయ కూర. పక్కింటికి ఒక గిన్నె. పిల్లవాడు ఎముకను కంచానికి కొట్టి మూలుగ రాల్చుకుంటున్నాడు. సోమవారం ఉపవాసం మొక్కుకున్న నాయనమ్మ వాడి పక్కనే కూర్చుని, మెడలో తువ్వాలు సరిచేసి, కాలిపోతుంది నెమ్మదిగా తినరా అంటోంది.