కాలదోషం ఎవరికి?

ఒక పెద్దింటి పెంపుడు కుక్క ఆ ఇంట్లో పాచిపని చేసే మనిషిని కరిచిందనుకుందాం. ఆమె కూలి పోగొట్టుకుని ఆస్పత్రి చుట్టూ తిరుగుతుంది, సూదులు పొడిపించుకుంటుంది. గాయం మానినా నడక మునుపటిలా వుండదు. అయినా దావా వెయ్యదు. ఆ ఇంటి జీతంతోనే ఆమె పొయ్యిలో పిల్లి లేస్తున్నది. నాలుగేళ్లకు ఆ పని పోతుంది. అప్పుడు కోర్టుకు వెళితే దావాకు కాలదోషం పట్టిందంటారు.

1963 నాటి కాలపరిమితి చట్టంలో కుక్కకాటుకంటూ ప్రత్యేకమైన గడువు లేదు. విడిగా చెప్పని దావాలన్నిటికీ 113వ అధికరణం మూడేళ్లు ఇస్తుంది. ఇలాంటి నష్టపరిహారపు దావా దాని కిందికే వస్తుంది. ఆ మూడేళ్లు దాటితే, ప్రతివాది నోరు మెదపకపోయినా దావాను కొట్టివెయ్యమని 3వ సెక్షను న్యాయమూర్తిని ఆదేశిస్తుంది. అప్పీళ్లలో ఆలస్యాన్ని మన్నించే 5వ సెక్షను దావాలకు వర్తించదు.

ఇది అన్యాయమని వెంటనే తేల్చెయ్యటం సులభం. కాని గడువే లేకపోతే పేదవాడికి మేలా? కాలదోషం అన్న మాట మన రైతుకు కొత్తది కాదు. ప్రోనోటుకు మూడేళ్లే బలం. ఆ హద్దు లేకపోతే తాత రాసిన నోటు మీద మనవడి చేలోకి జప్తు వచ్చేది. సాక్షులు చనిపోతారు, జ్ఞాపకాలు చెదురుతాయి. గనక గడువు వుండటంలో న్యాయం లేకపోలేదు.

అయితే ఆ మూడేళ్లూ అందరికీ ఒకటేనా? వడ్డీవ్యాపారి తేదీ మరిచిపోడు. మూడో ఏడు నిండేలోగా నోటు తిరగరాయించుకుంటాడు, లేదా కొంత చెల్లు వేయించి సంతకం పెట్టిస్తాడు. గడువు మళ్లీ మొదలవుతుంది. కుక్క కరిచిన పనిమనిషికి యజమాని చేత ఒక్క ముక్క రాయించుకునే శక్తి ఎక్కడిది?

చట్టం దేనికి విలువ ఇచ్చిందో గడువులే చెబుతాయి. 1908 నాటి చట్టం ప్రోనోటుకు మూడేళ్లు ఇచ్చి, శరీరానికి తగిలిన గాయానికి ఒక్క ఏడాది ఇచ్చింది. 1963లో ఆ రెండూ సమానమయ్యాయి. స్థిరాస్తి స్వాధీనపు దావాకు మాత్రం 12 ఏళ్లు.

చట్టం మేలుకున్నవారికే తోడు, నిద్రపోయేవారికి కాదని న్యాయవాదులంటారు. ఆమె నిద్రపోయిందా? మైనర్లకూ మతిస్థిమితం లేనివారికీ వారి అశక్తత తీరినదాకా గడువు లెక్కకు రాదని 6వ సెక్షను చెబుతున్నది. మోసం బయటపడినదాకా ఆగమని 17వ సెక్షను అంటున్నది. అంటే నోరు విప్పలేని కాలాన్ని లెక్కించరాదన్న సూత్రాన్ని చట్టమే ఒప్పుకున్నది. వయస్సు, మతి, మోసం దానికి కనిపించాయి, ఆకలి కనిపించలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం స్త్రీలకు ఉచితంగా వకీలును ఇస్తుంది, నిజమే. కాని జీతం పోతుందన్న భయానికి వకీలు మందు కాడు.

పరాధీనతను ఎలా కొలుస్తారని కొందరు అడగవచ్చు. మతిస్థిమితాన్ని కొలవటం కంటే ఇదేమీ కష్టం కాదు. యజమాని మీది దావాలో, ఆ యజమాని దగ్గర పనిచేసిన కాలాన్ని గడువు నుంచి మినహాయించమనటం అసాధ్యమైన కోరిక కాదు. పనిలో చేరిన రోజూ, మానిన రోజూ తెలియనివి కావు.

మరొక మాట. గడువు ముగిస్తే ఆస్తి హక్కు చచ్చిపోతుందని 27వ సెక్షను అంటుంది. ఇతర విషయాల్లో పోయేది దావా వేసే దారే తప్ప హక్కు కాదని న్యాయశాస్త్రం చెబుతుంది. కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని రాసిచ్చిన మాటను 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెల్లనిస్తుంది. అంటే ఆ ఇంటివారు ఆమెకు ఇవాళ్టికీ బాకీపడే వున్నారు. వారంతట వారు తీరుస్తారని మనం ఎదురు చూడనక్కర్లేదు. కాలాన్ని ఎవరి గడియారంతో లెక్కపెడుతున్నారో అడగటం మన పని.